మన దీపములు - మన ఇంధనములు



1973వ సంవత్సరమున అరబ్బు దేశములు కొన్ని రాజ్యములకు చమురు నిలిపివేయగా, కొద్ది నెలలలోనే దాని ధర నాలుగింతలయ్యెను. ఆ సంగతి మా పల్నాటి పల్లెలోని లాంతరునకు గూడ తెలియవచ్చినది. కిరసనాయిలు దొరకక నా రాత్రి చదువు నిలిచిపోవునట్లుండగా, మా నాయనమ్మ అటకమీది ఇత్తడి కుందిని దింపి, తోమి, ఆముదము పోసి వెలిగించెను. "మన చేనిలో పండినదానిని ఎవరాపగలరురా?" అని మాత్రమనెను. ఆ మాటలోని చరిత్రను నేడు మీకు మనవి చేయుదును.

పూర్వము మన యిండ్లలో దీపమునకు ఆముదము, కానుగ నూనె మొదలగునవే ఆధారము. పిమ్మట విదేశముల నుండి కిరసనాయిలు వచ్చెను. వెలుతురు హెచ్చు, వెల తక్కువ; కావున పాత నూనెలు మూలబడెను. ఆ వెనుక మోటబావులపై ఆయిలింజనులు వెలసెను. ఎద్దులకు శ్రమ తప్పెను గాని, చేనికి పారు నీరు చమురు వెలతో ముడిపడెను.

ఇచట నొక విశేషము గలదు. రుడాల్ఫ్ డీజిలను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన యంత్రము 1900లో పారిస్ ప్రదర్శనమున వేరుసెనగ నూనెతో నడిచెను. భూగర్భ తైలము దానికి పుట్టుకతో వచ్చిన నియమము కాదు. చౌకగా దొరకుటచే అలవాటైనది.

ఈ సత్యము తెలుగునేలపై మరల రుజువైనది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా జైనూరు మండలమున పవర్‌గూడ యను గోండుల పల్లె గలదు. అచటి మహిళా సంఘములవారు కానుగ గింజలేరి, మిల్లులో ఆడించి, నూనె తీసిరి. డీజిలుకు బదులు ఆ నూనెను వాడినచో గాలిలో చేరక తప్పు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించెను. సొమ్ము స్వల్పమే, గౌరవము స్వల్పము కాదు.

ఇక కృష్ణమ్మ సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరము నీటితోపాటు విద్యుత్తు నిచ్చుచున్నది. అందలి ఏడు యంత్రములు కరెంటు కొరతవేళ నీటిని దింపి విద్యుత్తు పుట్టించును. మిగులువేళ దిగువ నీటిని మరల పైకి తోడగలవు. అయినను వానలేని యేడు ఏటి విద్యుత్తు సన్నగిల్లును. సూర్యుని పలకలు పగలే పనిచేయును. కానుగ నూనె దేశమందలి లారీలన్నిటికి చాలదు. కావున చమురు మోసిన బరువును ఏ యొక్కటియు మోయజాలదు. అన్నియు కలసి మోయవలెను. క్రొత్తది రాగానే పాతదానిని మరచుటయే నాడు మనము చేసిన పొరపాటు.

గ్రామ పెద్దలకు నాదొక విన్నపము. వరి, మిరప పండు పొలమును ఇంధనమునకై ఈయకుడు. కానుగకు మంచి పొలమక్కరలేదు. గట్లు, డొంకలు, వాగు ఒడ్డులు చాలును. పశువులు దానినంతగా మేయవు. ఆకును, నూనె తీసిన చెక్కయు చేనికి ఎరువగును. కాపునకు కొన్నియేండ్లు పట్టును గనుక, మనుమల కొరకు నేడే నాటవలెను.

మా నాయనమ్మ కుంది నేటికిని మా యింట నున్నది. దానిని మరల అటక యెక్కింపలేదు. సెలవు.