పట్టా విలువ – చదువు వెల: తెలుగునాట బి.ఎ. విద్య, చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి విషయాలతో కూడిన బి.ఎ. చదువు పెట్టిన ఖర్చుకు తగిన ఫలితాన్ని ఇస్తుందా అన్న సందేహానికి తెలుగునాట నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ ఖర్చును ఏయే కాలాల్లో ఎవరు భరించారు, ఫలితాన్ని ఏ కొలమానంతో లెక్కించారు అన్న అంశాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బి.ఎ. పట్టా, మద్రాసు విశ్వవిద్యాలయం, కన్యాశుల్కం, వారాల చదువు, వసతిగృహాలు, బోధన రుసుము.

1. ఉపోద్ఘాతం:
ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి బి.ఎ.లో చేరతానన్నప్పుడు ఇంట్లో వినిపించే మొదటి మాట "అది చదివి ఏం చేస్తావు?" అన్నదే. ఇక్కడ 'చేయడం' అంటే ఉద్యోగం చేయడమే. చదువుకు ఈ ఒక్క అర్థమే ఎలా స్థిరపడిందో తెలియాలంటే ఆ చదువు తెలుగు జిల్లాల్లోకి వచ్చిన తీరును గమనించాలి.

2. పట్టా – కొలువు:
ప్రభుత్వ కొలువుల్లో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ నిర్ణయించాడు. 1854 నాటి వుడ్ తాఖీదును అనుసరించి 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి దశాబ్దాల్లో అది ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థ. బోధన బాధ్యత అనుబంధ కళాశాలలది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల, మచిలీపట్నం నోబుల్ కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల తెలుగు ప్రాంతంలో ఆ పని చేశాయి.

ఈ ఏర్పాటులో మొదటినుంచీ ఒక వైరుధ్యం ఉంది. పాఠ్యాంశాలు ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి ఉదార విద్యకు చెందినవి. వాటిని చదివినవారిలో ఎక్కువమంది ఆశించింది మాత్రం కచేరీల్లోనో కోర్టుల్లోనో కొలువు. మెట్రిక్యులేషన్, ఎఫ్.ఎ., బి.ఎ. అన్న మెట్లలో ఒక్కొక్కదానికి ఒక్కో స్థాయి ఉద్యోగం అందేది. పట్టా చేతికి రాకపోయినా 'ఫెయిల్డ్ బి.ఎ.' అని చెప్పుకోవడం కూడా ఒక అర్హతగా చలామణి అయింది. పరీక్ష తప్పినవాడికీ అంతో ఇంతో ధర పలికిందంటే, ఆ లెక్క విద్యార్థి నేర్చుకున్నదాన్ని బట్టి కాక అతడు పట్టాకు ఎంత దూరంలో ఆగిపోయాడన్నదాన్ని బట్టి సాగిందని గ్రహించవచ్చు.

3. 'కన్యాశుల్కం'లో చదువు లెక్క:
ఈ లెక్క ఒక కుటుంబంలో ఎలా నడిచిందో తెలుసుకోవడానికి 'కన్యాశుల్కం' (తొలి ముద్రణ 1897, సంస్కరించిన కూర్పు 1909) విలువైన ఆధారం. అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశం చదువుకయ్యే ఖర్చును చూసి విసుక్కుంటాడు. ఇంగ్లీషు చదివితే కొడుకు పెద్ద ఉద్యోగస్థుడవుతాడని వెంకమ్మ ఆశ. ఇద్దరి అభిప్రాయాలూ వేరైనా కొలమానం ఒక్కటే. చదువు వల్ల కొడుకు బుద్ధి ఎలా వికసిస్తుందన్న ప్రశ్న వారిలో ఎవరికీ తట్టదు. పరీక్ష తప్పిన వెంకటేశం వెంట గురువుగా వచ్చిన గిరీశం ఆ ఇంట్లో చెల్లుబాటు కావడానికి కారణం కూడా ఇంగ్లీషు మాటల మోతే.

అదే ఇంటి లెక్కలో కొడుకు చదువు ఖర్చు పద్దు కాగా, కూతురు సుబ్బి పెళ్ళి జమ పద్దు. కన్యాశుల్కాన్ని, ఇంగ్లీషు చదువును ఒకే కుటుంబ ఆర్థిక వ్యవస్థకు రెండు పార్శ్వాలుగా గురజాడ చూపాడు. చదువు వెలను రుసుములతో, పుస్తకాల ధరతో మాత్రమే కొలవలేమని, దాన్ని ఇంట్లో చదువుకు నోచుకోనివారు కూడా చెల్లిస్తారని ఈ నాటకం ద్వారా అర్థమవుతుంది.

4. ఖర్చు భరించినవారు:
పేద విద్యార్థి పట్టణంలో ఉండి చదవడానికి నాడు అక్కరకు వచ్చిన ఏర్పాటు వారాలు చేసుకోవడం. వారంలో రోజుకొక ఇంట భోజనం చేస్తూ చదివిన తరం అది. నిజానికి ఇది సమాజం ఇచ్చిన విద్యార్థి వేతనమే. అయితే పంక్తి భోజనపు కట్టుబాట్ల వల్ల ఇది ప్రధానంగా బ్రాహ్మణ విద్యార్థులకే అందింది. ఒకే కళాశాలలో ఒకే రుసుము కట్టే ఇద్దరు విద్యార్థులకు కులాన్ని బట్టి చదువు ఖర్చు వేరువేరుగా ఉండేదన్న మాట. రుసుముల పట్టికలో ఈ తేడా కనిపించదు.

ఆ లోటును పూడ్చే ప్రయత్నంలో వసతిగృహాలు వెలిశాయి. 1918లో హైదరాబాదులో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో ఏర్పడిన రెడ్డి హాస్టలు వాటిలో ప్రముఖమైనది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు దళిత విద్యార్థులకు, స్త్రీలకు కళాశాల విద్య అందేలా కృషి చేశాడు. తెలంగాణ విద్యార్థికి మరో భారం ఉంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషను ఉన్నత విద్యకు మాధ్యమం చేసి చరిత్ర సృష్టించింది. కానీ ఆ భాష ఉర్దూ కావడంతో, తెలుగు ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి ముందుగా భాష నేర్వడానికి కొన్నేళ్ల శ్రమను వెచ్చించవలసి వచ్చింది.

5. జీతంలో కనిపించని ఫలితం:
1886లో బి.ఎ. పట్టభద్రుడైన గురజాడ డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తాగా పనిచేసి, తరువాత మహారాజా కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే బి.ఎ. పూర్తిచేసిన గిడుగు రామమూర్తి శాసనాలు చదివాడు, సవర భాషకు నిఘంటువును, వ్యాకరణాన్ని సమకూర్చాడు. మద్రాసులో చదివి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి రెడ్డి హాస్టలు బాధ్యతలు నిర్వహించాడు, 1926లో 'గోలకొండ' పత్రికను ప్రారంభించాడు, 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రచించాడు. వీరి జీతాల పట్టికలో ఈ కృషి ఎక్కడా నమోదు కాదు.

మహనీయుల పేర్లు చెప్పి పట్టాను సమర్థించడం శాస్త్రీయం కాదన్న ఆక్షేపణ న్యాయమైనదే. పట్టా లేకుండానే కందుకూరి వీరేశలింగం యుగకర్త అయ్యాడు. పట్టా పొందినవారిలో అధిక సంఖ్యాకులు కచేరీ కాగితాలకే పరిమితమయ్యారు. కాబట్టి ఈ ఉదాహరణలు రుజువు చేసేది పరిమితమైన విషయం: చదువుకు ఖర్చు పెట్టింది కుటుంబం, ఫలితాన్ని అందుకున్నది సమాజం. ఆ ఫలితాన్ని వ్యక్తి జీతంతో మాత్రమే తూచడం లెక్కలో సగాన్ని వదిలేయడమే. అయితే సమాజం కోసం నష్టపొమ్మని పేద కుటుంబాన్ని కోరే హక్కు ఎవరికీ లేదు. ఖర్చులో సమాజం వాటా ఎంత అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

6. సమకాలీన స్థితి:
1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఆ ప్రశ్నకు ఒక సమాధానం. బి.ఎ. విద్యార్థికి అసలు భారం రుసుము కాదు, చదివిన మూడేళ్లూ కోల్పోయే కూలి లేదా జీతం. పని మానకుండా చదివే వీలు కల్పించి ఈ సంస్థ ఆ భారాన్ని తగ్గించింది.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతంగా అమలైన బోధన రుసుము చెల్లింపు పథకం మరో సమాధానం. వృత్తివిద్య తలుపును అది ఎందరో పేదలకు తెరిచింది. అయితే రుసుమును బట్టి ప్రభుత్వ ధనం అందే పద్ధతిలో, ఖరీదైన కోర్సుకు ఎక్కువ, చవకైన బి.ఎ.కు తక్కువ చేరడం సహజం. దానితో తక్కువ ఖర్చు తక్కువ విలువకు గుర్తుగా మారింది. మొదటి తరం విద్యార్థులు, ఊరు దాటి పంపని ఇళ్ల ఆడపిల్లలు చేరే చదువుకే ఈ ముద్ర పడటం ఆలోచించవలసిన విషయం.

7. ముగింపు:
• బి.ఎ. విలువపై సందేహం ఆ చదువుతోపాటే పుట్టింది. ఉదార విద్యను కొలువుకు అర్హతగా మార్చిన వలస పాలన అందుకు మూలం.
• చదువు ఖర్చు కులం, లింగం, భాషలను బట్టి మారింది. అందువల్ల "ఈ పట్టా లాభమా?" అన్న ప్రశ్నకు "ఎవరికి, ఎవరి ఖర్చుతో?" అన్నది జోడించకుండా సమాధానం చెప్పలేము.
• ఫలితంలో సమాజం వాటా ఉన్నప్పుడు ఖర్చులోనూ ఉండాలి.
• ఆ వాటా పట్టాకు కాక బోధనకు చేరాలి. మూల గ్రంథాన్ని చదివించే అధ్యాపకుడు, తెరిచి ఉన్న గ్రంథాలయం ఉన్నచోట ఈ చదువు పెట్టిన ఖర్చుకు మించిన ఫలితం ఇస్తుంది. బోధన జరగని తరగతిలో మూడేళ్లు గడిపిన విద్యార్థికి, కట్టిన కొద్దిపాటి రుసుము కూడా ఎక్కువే అవుతుంది.