లక్షేళ్ళ నాటి రంగుల వంటకం

ఆదిమానవుడు, రంగులు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది గుహ గోడల మీద ఎద్దుల బొమ్మలే. ఫ్రాన్సులో లాస్కో, మన దేశంలో భీంబేట్కా. స్కూలు పుస్తకాల్లో కూడా అవే రెండు బొమ్మలు, వాటి కింద రెండు లైన్లు. దాంతో ముందు బొమ్మ వెయ్యాలనే కోరిక పుట్టిందనీ, ఆ తర్వాతే రంగు కోసం వెతుక్కున్నారనీ మనకొక అభిప్రాయం స్థిరపడిపోయింది. తవ్వకాల్లో దొరికినవి చూస్తే వరస తిరగబడుతుంది. లాస్కో బొమ్మల వయసు సుమారు 20 వేల ఏళ్ళు. రంగురాళ్ళని ఏరుకొచ్చి నూరడం దానికి ఎన్నో రెట్లు పాతది.

ఆ రాయి మనకి తెలియనిదేం కాదు. జేగురు అనండి, కావిరాయి అనండి, తెలంగాణ పల్లెల్లో గడపలకీ గోడలకీ పూసే జాజు అనండి, ఎరుపంతా అందులో ఉన్న ఇనుముదే. హెమటైట్ ఉంటే ఎర్రగా ఉంటుంది. గోథైట్ ఉంటే పసుపుపచ్చగా ఉంటుంది. గోథైట్‌ని 250-300 డిగ్రీల దాకా వేడి చేస్తే అందులోని నీరు పోయి హెమటైట్‌గా మారి ఎర్రబడుతుంది. ఆకుల రసాలూ పూల రంగులూ ఎండకి వెలిసిపోతాయి గానీ ఇది వెలవదు. ముందే తుప్పు పట్టేసిన సరుకు కదా, ఇంకా కొత్తగా పట్టడానికేముంది!

ఇక అసలు విషయానికొస్తా. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి తూర్పున సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున బ్లాంబోస్ అనే గుహ ఉంది. క్రిస్టఫర్ హెన్షిల్‌వుడ్ బృందానికి 2008లో అక్కడ అబలోనీ అనే పెద్ద సముద్రపు నత్త చిప్పలు రెండు దొరికాయి. వయసు సుమారు 1,00,000 ఏళ్ళు. వివరాలు 2011లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఆ చిప్పల లోపల ఎర్రటి ముద్ద ఎండి అంటుకుని ఉంది. పరీక్షించి చూస్తే జేగురు పొడి, బొగ్గు, వేడి చేసి చితక్కొట్టిన ఎముక, రాతి రజను, వీటన్నిటినీ కలపడానికి పోసిన ఏదో ద్రవం. పక్కనే నూరే రాళ్ళు, కొట్టే రాళ్ళు, కొసకి ఎరుపంటిన ఒక సన్నటి ఎముక. చిప్ప అడుగున కలిపినప్పుడు పడిన సన్నటి గీతలు కూడా ఉన్నాయి.

ఇది వంటిల్లు కాకపోతే మరేంటి? ఎముకలోని కొవ్వు పొడిని పట్టి ఉంచడానికి వాడి ఉంటారని తవ్వినవాళ్ళ అంచనా. ఇవన్నీ ఒకేచోట, ఒకే పూటలో వాటంతటవే దొరికే వస్తువులు కావు. చిప్ప సముద్రం నుంచి రావాలి, రాయి ఎక్కడో కొండలో దొరకాలి, ఎముకని వేడి చేసి సిద్ధంగా పెట్టుకోవాలి. అన్నీ సమకూరేదాకా చెయ్యబోయేది మనసులో ఉండాలి. మనం ఆఫీసులో రిలీజ్ ప్లాను అని మూడు మీటింగులు పెట్టి చేసే పని ఇదే. వాళ్ళకి డాక్యుమెంటేషన్ లేదు, తలలోనే మోశారు. నన్నడిగితే మనిషి బుర్రకి సాక్ష్యం గోడ మీద ఎద్దు కన్నా ఈ చిప్పే బలమైనది.

ఇంతకీ ఆ రంగు దేనికి? ఇక్కడే పండితులు కొట్టుకుంటారు. ఒంటికి పూసుకున్నారు, అంటే సంకేతం, అంటే భాష కూడా ఉన్నట్టే అని ఒక వర్గం గబగబా మెట్లెక్కేస్తుంది. నాకు ఆ తొందర నచ్చదు. దక్షిణాఫ్రికాలోనే సిబుడు అనే చోట సుమారు 70 వేల ఏళ్ళ నాటి రాతి పనిముట్ల మీద, పిడికి అతికించే భాగంలో జేగురు ఆనవాళ్ళు దొరికాయి. లిన్ వాడ్లీ అనే ఆవిడ తుమ్మజాతి చెట్ల జిగురుతో స్వయంగా చేసి చూశారు. ఒట్టి జిగురు ఎండాక పెళుసుబారుతుంది, జేగురు పొడి కలిపితే గట్టిగా పట్టుకుంటుంది. జిగురులో జేగురన్నమాట! ఆవిడే ఇంకో సంగతి కూడా తేల్చారు. పసుపు రాళ్ళని మట్టిలో పూడ్చి పైన మంట పెడితే అవీ ఎర్రబడ్డాయి. కాబట్టి తవ్వకంలో ఎర్రరాయి కనబడగానే కావాలనే కాల్చారు అనడానికి లేదు.

నలుపుదీ ఇదే కథ. ఫ్రాన్సులో పెష్-ద-లాజే అనే చోట నియాండర్తల్ మనుషులు మాంగనీసు డయాక్సైడు ముక్కలు పోగేసి పొడి చేసేవారు. రంగు కోసమే అనుకుంటూ వచ్చారు. ఆ పొడి చల్లితే కట్టె తక్కువ వేడికే అంటుకుంటుందని 2016లో ప్రయోగం చేసి చూపించారు. నల్లరంగే కావాలంటే పొయ్యిలో బొగ్గుంది కదా, రాయి కోసం తిరగడం దేనికి?

అలాగని రంగుకి విలువ లేదని కాదు. బ్లాంబోస్‌లోనే 73 వేల ఏళ్ళ నాటి రాతిపెచ్చు మీద జేగురు ముక్కతో అడ్డదిడ్డంగా గీసిన గీతలు దొరికాయి, 2018లో ప్రకటించారు. ఆ గీతలు ఏ జిగురుకీ పనికిరావు. ఎస్వాతినిలో లయన్ కేవర్న్ అనే చోటైతే ఏకంగా కొండనే తవ్వారు. ప్రపంచంలో తెలిసినంతలో అతి పాత గని అది, 2024లో వచ్చిన లెక్క ప్రకారం సుమారు 48 వేల ఏళ్ళది. అదే కొండ మీద 1960లలో ఇనుప గని తెరిచి ఖనిజం జపాన్‌కి ఎగుమతి చేశారు. అంటే ఆ కొండని ముందు రంగు కోసం, తర్వాత ఇనుము కోసం తవ్వారన్నమాట.

మన దగ్గరా ఒక ముక్క ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ళ నాడు సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతపు బూడిద మేటలు వేసి ఉంది. ఆ బూడిదకి పైనా కిందా కూడా రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం 2007లో ప్రకటించింది. ఆ తవ్వకాల్లో వాడిన గీతలున్న ఎర్రటి జేగురు ముక్క కూడా ఒకటి బయటపడింది. వాడినవాళ్ళు మనలాంటి మనుషులేనా, వేరే జాతా అన్నది ఇంకా తేలలేదు, వాళ్ళ ఎముకొక్కటీ అక్కడ దొరకలేదు. చేతిలో పట్టుకుని దేనికో అరగదీసిన ఆ రాయి మాత్రం ఉంది.