అమెరికా గృహ డిష్‌వాషర్ల ఇంధన ప్రమాణాలు

అమెరికాలో ఇళ్ళకు అమ్మే డిష్‌వాషర్ ఏడాదికి ఎంత కరెంటు వాడవచ్చు, ఒక్కో వాయి అంట్లకు ఎన్ని నీళ్ళు తీసుకోవచ్చు అన్నదానికి అక్కడి ఫెడరల్ ఇంధన శాఖ అమలు చేసే పరిమితులే ఈ ప్రమాణాలు. వీటికి మూలం 1975 నాటి ఇంధన విధాన, పరిరక్షణ చట్టం. యంత్రాల మీద అంటించే పసుపు రంగు ఎనర్జీగైడ్ చీటీ వేరు, ఈ ప్రమాణం వేరు. చీటీ ఖర్చెంతో చెప్పి నిర్ణయం కొనేవారికి వదిలేస్తుంది. ప్రమాణానికి నిలవని యంత్రం అసలు దుకాణానికే రాదు.

డిష్‌వాషర్‌లో కరెంటు ఎక్కువగా తినేది మోటారు కాదు, నీళ్ళు కాగడం. ఆ వేడి కొంత యంత్రంలోని హీటర్ నుంచి, కొంత ఇంటి గీజర్ నుంచి వస్తుంది. ప్రభుత్వ లెక్కలో రెండూ కలుస్తాయి. కాబట్టి నీళ్ళు తగ్గితే కరెంటూ తగ్గుతుంది. యాభై ఏళ్ళ ఈ చరిత్ర చాలావరకు ఆ సూత్రం మీదే నడిచింది. తగాదాలు మాత్రం మొదట్లో ఎవరూ కొలవని రెండు సంగతుల దగ్గర పుట్టాయి: గిన్నె ఎంత శుభ్రమైంది, దానికి ఎంతసేపు పట్టింది.

తొలి చట్టాలు

ఇలినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్‌కు చెందిన జోసెఫిన్ కాక్రన్ 1886లో పేటెంట్ పొందిన గిన్నెలు కడిగే యంత్రం 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో పేరు తెచ్చుకుంది. అది హోటళ్ళ వంటశాలలు దాటి మామూలు ఇళ్ళలోకి రావడానికి రెండో ప్రపంచ యుద్ధం ముగియాల్సి వచ్చింది. కరెంటు చవగ్గా ఉన్నన్నాళ్ళు అది ఎంత తాగుతుందో పట్టించుకున్నవారు లేరు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపాక ఆ నిశ్చింత పోయింది. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 1975 డిసెంబరులో సంతకం చేసిన చట్టం డిష్‌వాషర్‌నూ ఇతర గృహోపకరణాల సరసన చేర్చి, వాడకాన్ని కొలిచే పద్ధతి, చీటీ రెండూ తేవాలని చెప్పింది. 1978లో కార్టర్ హయాంలో వచ్చిన మరో చట్టం ప్రమాణాలను తప్పనిసరి చేయమంది.

రీగన్ ప్రభుత్వానికి అది రుచించలేదు. ప్రమాణమే అక్కర్లేదని తేల్చే నిబంధనలు తెచ్చింది. పర్యావరణ సంస్థ ఎన్‌ఆర్‌డీసీ కోర్టుకెక్కగా, 1985లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు వాటిని కొట్టేసింది. ఈలోగా కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు సొంత నిబంధనలు పెట్టసాగాయి. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం యంత్రం చేయడం కంటే దేశమంతటికీ ఒకే నిబంధన ఉంటే నయమని తయారీదారులే పర్యావరణవాదులతో ఒప్పందానికి వచ్చారు. ఆ రాజీ నుంచి పుట్టిందే 1987 జాతీయ గృహోపకరణాల ఇంధన పరిరక్షణ చట్టం. దాని ముందు రూపాన్ని 1986లో ఆపేసిన రీగనే మరుసటి మార్చిలో సంతకం పెట్టారు.

ఆ చట్టం డిష్‌వాషర్ మీద వేసిన మొదటి షరతు చాలా తేలిక. 1988 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి యంత్రంలో వేడి లేకుండా గిన్నెలు ఆరబెట్టుకునే వీలుండాలి, అంతే. కంపెనీలకు ఒక మీటతో పని అయిపోయింది. అసలైన అంకె 1994 మేలో అమల్లోకి వచ్చింది: మామూలు సైజు యంత్రం ఒక యూనిట్ కరెంటుతో కనీసం 0.46 వాయిలు కడగాలి. అంటే వాయికి రెండు యూనిట్ల పైచిలుకు. నీళ్ళ మీద అప్పటికి నేరుగా పరిమితి లేదు. పొదుపు యంత్రాలకు ఇచ్చే ఎనర్జీ స్టార్ గుర్తు 1996లో డిష్‌వాషర్లకూ వర్తించింది. అది ఐచ్ఛికం.

కొలత పద్ధతి

ఈ ప్రమాణాలు అర్థం కావాలంటే ప్రయోగశాలలో ఏం జరుగుతుందో చూడాలి. మామూలు సైజు యంత్రంలో ఎనిమిది మంది భోజనం చేసే పాత్రలూ వడ్డన పాత్రలూ పట్టాలి. అవి ఏ పళ్ళాలో కూడా నిబంధనలోనే రాసి ఉంటుంది: పది అంగుళాల తెల్లటి కోరెల్ పళ్ళెం లాంటివి. ఎంగిలికీ కొలతలున్నాయి. బంగాళాదుంప పొడి ముద్ద, మార్గరిన్, కాఫీ వంటివి నిర్ణీత బ్రాండ్లవే పూయాలి. సబ్బు పొడి ఎంతో కూడా లెక్కే. కంపెనీ ‘నార్మల్’ అని పేరు పెట్టిన కార్యక్రమాన్ని నడిపి మీటరు చూస్తారు. మన పప్పుగిన్నెకు అడుగున పట్టిన మాడు ఆ జాబితాలో లేదు. అమెరికాలో చాలా తెలుగు ఇళ్ళలో డిష్‌వాషర్ గిన్నెలు ఆరబోసుకునే అరగా మిగిలిపోవడానికి అదీ ఒక కారణమేమో.

నీటి మురికిని బట్టి వాడకాన్ని తనే సర్దుకునే సెన్సార్ యంత్రాలు వచ్చాక పాత పరీక్ష పనికిరాలేదు. శుభ్రమైన పళ్ళాలతో పరీక్షిస్తే అలాంటి యంత్రం ఉన్నదానికన్నా పొదుపరిగా తేలుతుంది. అందుకే 2003లో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ఎంగిలిని మూడు స్థాయిలుగా చేసి కొలవడం మొదలైంది. జనం గిన్నెలను ముందే ఒకసారి కడిగి లోపల పెడతారు కాబట్టి తక్కువ ఎంగిలికే లెక్కలో పెద్దపీట దక్కింది. ఏడాదికి 264 వాయిలన్న అంచనా కూడా అప్పుడే 215కు దిగింది. 2023లో అది 184 అయింది.

బిగిసిన పరిమితులు

జార్జ్ డబ్ల్యూ. బుష్ 2007 డిసెంబరులో సంతకం చేసిన చట్టంలో కాంగ్రెస్ తానే అంకెలు రాసింది. 2010 జనవరి నుంచి మామూలు సైజుకు ఏడాదికి 355 యూనిట్లు, వాయికి 6.5 గాలన్లు, అంటే సుమారు 24.6 లీటర్లు. డిష్‌వాషర్ నీళ్ళకు ఫెడరల్ పరిమితి రావడం అదే మొదలు. తయారీదారుల సంఘం, ఇంధన పొదుపు కోరే సంస్థలు 2010లో కుదుర్చుకున్న ఒప్పందం ఆధారంగా 2013 మే 30 నుంచి అవి 307 యూనిట్లు, 5 గాలన్లు అయ్యాయి. చిన్న సైజుకు 222 యూనిట్లు, 3.5 గాలన్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్లాసుల మీద తెల్లటి పొర మిగులుతోందన్న ఫిర్యాదులు పెరిగాయి. నెపం ఇంధన శాఖ మీదికి పోయింది గానీ, అందులో పెద్ద వాటా సబ్బుది. నదులు, చెరువుల్లో నాచు పెరగకుండా 2010 జులైలో పలు రాష్ట్రాలు డిష్‌వాషర్ సబ్బుల్లో ఫాస్ఫేట్లను దాదాపు నిషేధించాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ ప్రాంతం 2008లోనే ఆ పని చేసింది. గిన్నెలకు అంటిన మురికిని, నీటిలోని సున్నాన్ని పట్టి ఉంచేది ఆ ఫాస్ఫేటే. రెండు నిబంధనలూ ఒకే వంటింట్లో కలిశాయి, తిట్లు మాత్రం ఒక్కదానికే పడ్డాయి.

ఫిర్యాదులన్నీ అపోహలే అనుకోవడం కూడా సరికాదు. తక్కువ నీళ్ళతో, తక్కువ వేడితో కడగాలంటే అవే నీళ్ళను వడగట్టి ఎక్కువసేపు తిప్పాలి. నార్మల్ వాయి చాలా యంత్రాల్లో రెండు గంటలు దాటింది. 2014 డిసెంబరులో శాఖ 234 యూనిట్లు, 3.1 గాలన్లు ప్రతిపాదించినప్పుడు తయారీదారుల సంఘం అలా కడిగి చూసి, గిన్నెలకు ఎంగిలి మిగులుతోందని బయటపెట్టింది. ఒబామా ప్రభుత్వమే 2016 డిసెంబరులో వెనక్కి తగ్గింది.

గంట తగాదా

2018 మార్చిలో స్వేచ్ఛా విపణిని సమర్థించే సీఈఐ అనే సంస్థ ఒక పిటిషన్ వేసింది. నార్మల్ వాయిని గంటలోపు ముగించే యంత్రాలను ప్రత్యేక తరగతిగా చూడాలన్నది దాని కోరిక. చట్టంలో అందుకు దారి ఉంది: ప్రత్యేక సౌకర్యం ఉన్న వస్తువుకు ప్రత్యేక ప్రమాణం పెట్టవచ్చు. 2020 జనవరిలో మిల్వాకీ సభలో ట్రంప్, డిష్‌వాషర్ మీటను మళ్ళీ మళ్ళీ నొక్కాల్సి వస్తోందని ఎద్దేవా చేశారు. అదే ఏడాది అక్టోబరులో ఆ తరగతి ఖరారైంది. దీన్ని తయారీదారుల సంఘమూ వ్యతిరేకించడం గమనించదగ్గది. త్వరగా కడిగే మీట వాళ్ళ యంత్రాల్లో అప్పటికే ఉంది, పెట్టుబడులన్నీ పొదుపు యంత్రాల మీద పెట్టేశారు.

బైడెన్ ప్రభుత్వం 2022 జనవరిలో ఆ తరగతిని రద్దు చేసింది. లూసియానా తదితర రాష్ట్రాలు సవాలు చేస్తే, 2024 జనవరి 8న ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు ఆ రద్దు హేతుబద్ధంగా లేదని తీర్పిచ్చింది. యంత్రం సరిగ్గా కడగకపోతే జనం చేత్తో కడుగుతారని, అప్పుడు నీళ్ళు, కరెంటు మరింత పోతాయని, ఆ సంగతి శాఖ సరిగా పట్టించుకోలేదని ఎత్తిచూపింది. అంతకన్నా పెద్ద ప్రశ్న కూడా వేసింది: డిష్‌వాషర్ నీళ్ళను నియంత్రించే అధికారం శాఖకు అసలుందా?

ఆ తీర్పు వచ్చిన మూడు నెలలకే కొత్త ప్రమాణం ప్రకటించారు. దీని వెనకా కంపెనీలకు, పొదుపు సంస్థలకు 2023లో కుదిరిన ఒప్పందమే ఉంది. 2027 ఏప్రిల్ నుంచి మామూలు సైజుకు 223 యూనిట్లు, 3.3 గాలన్లు, అంటే సుమారు 12.5 లీటర్లు. 307 నుంచి 223కు దిగడం చూసి కోత నాలుగోవంతు దాటిందనుకుంటే పొరపాటే. పాత అంకె ఏడాదికి 215 వాయిల మీద, కొత్తది 184 మీద లెక్కించినవి. వాయికి చూస్తే 1.43 యూనిట్ల నుంచి 1.21కి తగ్గింది. ఈసారి వచ్చిన అసలు మార్పు వేరొకటి. 2023 నాటి పరీక్షా విధానం శుభ్రతకూ మార్కులు పెట్టింది. నూటికి 70 రాకపోతే ఆ వాయి కొలత చెల్లదు.

రెండోసారి ఎన్నికైన ట్రంప్ ప్రభుత్వం 2025 మేలో, శాఖ తాను బిగించిన నీటి పరిమితులను ఎత్తివేయాలని ప్రతిపాదించింది. అలా చేస్తే మిగిలేది 2007లో కాంగ్రెస్ రాసిన 6.5 గాలన్లే. కరెంటు పరిమితిని మాత్రం అలా ఎత్తివేయడం కుదరదు. ఒకసారి బిగించిన ఇంధన ప్రమాణాన్ని శాఖ మళ్ళీ సడలించరాదని చట్టమే అంటోంది. నీళ్ళ పరిమితి పోయినా, ఏడాదికి 223 యూనిట్లలో సర్దుకోవాల్సిన కంపెనీ ఎక్కువ నీళ్ళు కాచలేదు.