ఏడో అవెన్యూ కింద సెల్లార్: విలేజ్ వ్యాన్‌గార్డ్ చరిత్ర

న్యూయార్క్ నగరంలో మాన్‌హటన్ దక్షిణ భాగాన గ్రీనిచ్ విలేజ్ అనే పాత పేట ఉంది. అక్కడ సెవెంత్ అవెన్యూ సౌత్‌లో 178 నంబరు భవనం ముందు ఎర్ర రంగు గుడ్డ పందిరి, దాని వెనక ఒక తలుపు, తలుపు తీస్తే కిందికి పదిహేను మెట్లు కనిపిస్తాయి. మెట్లు దిగితే విలేజ్ వ్యాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బు. 1935 ఫిబ్రవరి నుంచి ఈ సెల్లార్‌లోనే నడుస్తోంది. 123 మంది కూర్చుంటే గది నిండిపోతుంది. ఇంతకంటే పెద్ద క్లబ్బులూ, ఇంతకంటే దర్జా అయిన క్లబ్బులూ న్యూయార్క్‌లో ఎన్నో వచ్చాయి, ఎన్నో మూతపడ్డాయి. జాజ్ కచేరీలను ఉన్నచోటే రికార్డు చేసిన ఆల్బమ్‌లలో వందకు పైగా ఈ ఒక్క గదిలో పుట్టాయి.

గదికి ఆ ఆకారం ఎందుకు వచ్చిందో తెలిస్తే ఆ పేట చరిత్ర కూడా కొంత తెలుస్తుంది. మాన్‌హటన్‌లో చాలా భాగం గళ్లు గీసినట్టు తిన్నని వీధులతో ఉంటుంది. గ్రీనిచ్ విలేజ్ అంతకు ముందే వెలిసిన ఊరు కాబట్టి దాని సందులు ఆ గళ్లకు లొంగలేదు. 1910ల్లో భూగర్భ రైలు మార్గం కోసం ఏడో అవెన్యూను దక్షిణానికి పొడిగించినప్పుడు పాత ఇళ్ల వరసలను అడ్డంగా కోసుకుంటూ రోడ్డు వేశారు. కూల్చగా మిగిలిన స్థలాలు రోడ్డు పక్కన ముక్కోణపు చెక్కలుగా నిలిచాయి. వ్యాన్‌గార్డ్ ఉన్న భవనం అటువంటి చెక్క మీదే ఉంది. అందుకే సెల్లార్ ఒక వైపు వెడల్పుగా ఉండి, పోనుపోను ఇరుకై, కొసన చిన్న వేదిక దగ్గర ఆగుతుంది. శబ్దం ఆ ఇరుకు కొస నుంచి బయలుదేరి విసనకర్రలా విచ్చుకుంటూ గదంతా పరుచుకుంటుంది. కప్పు ఎత్తు తక్కువ కాబట్టి ప్రతిధ్వని తక్కువ. వాద్యం మెల్లగా పలికినా వెనక బల్లల దాకా స్పష్టంగా వినిపిస్తుంది. దేశంలో ఉత్తమమైన ధ్వని ఉన్న జాజ్ గదుల్లో ఇదొకటని సంగీతకారులు, రికార్డింగ్ ఇంజనీర్లు అంటారు. ఏ నిపుణుడూ గీసిన ప్లాను కాదది, రోడ్డు వేసేవాళ్లు వదిలేసిన మిగులు. ఏ రైలు కోసం రోడ్డు వేశారో ఆ రైలు మాత్రం పొరుగునే నడుస్తూ అప్పుడప్పుడూ గదిని చిన్నగా అదిరిస్తూ ఉంటుంది.

క్లబ్బు పెట్టిన మాక్స్ గోర్డన్ సంగీతం తెలిసినవాడు కాదు. 1903లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని స్విర్ అనే చిన్న ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టాడు. ఆయనకు అయిదేళ్లప్పుడు కుటుంబం అమెరికాకు వలసపోయి పశ్చిమ తీరాన పోర్ట్‌లండ్‌లో స్థిరపడింది. అక్కడ రీడ్ కాలేజీలో చదువు ముగించి, కొలంబియా విశ్వవిద్యాలయంలో లా చదవమని తల్లిదండ్రులు పంపగా 1926లో న్యూయార్క్ వచ్చాడు. కొద్ది వారాలకే ఆ చదువు మానేసి, చిన్నాచితకా ఉద్యోగాలు చేస్తూ గ్రీనిచ్ విలేజ్ కాఫీ హోటళ్లలో కవులతో, చిత్రకారులతో కాలక్షేపం చేశాడు. కవులు గుమికూడి పద్యాలు చదువుకునే చోటు ఒకటి పెట్టాలన్న కోరిక అక్కడే కలిగింది.

1934లో చార్ల్స్ స్ట్రీట్ దగ్గర మొదటి వ్యాన్‌గార్డ్ తెరిచాడు. పాటలకూ ఆటలకూ పోలీసులు లైసెన్సు ఇవ్వలేదు. నిబంధనల ప్రకారం రెండు మరుగుదొడ్లు, బయటికి రెండు దారులు ఉండాలి. గుడికో బడికో కనీసం 200 అడుగుల దూరం ఉండాలి. అన్నీ ఉండి, అద్దె నెలకు 100 డాలర్లు దాటని చోటు కోసం వెతగ్గా వెతగ్గా ఏడో అవెన్యూ సెల్లార్ దొరికింది. అంతకుముందు అక్కడ గోల్డెన్ ట్రయాంగిల్ అనే దొంగచాటు బారు ఉండేది. 1933 డిసెంబరులో మద్యనిషేధం ఎత్తేయడంతో అటువంటి బార్లతో పని లేకుండా పోయింది. ఖాళీ అయిన ఆ సెల్లార్‌లో 1935 ఫిబ్రవరి 22న వ్యాన్‌గార్డ్ కొత్తగా మొదలైంది.

తొలి రోజుల్లో అక్కడ జాజ్ ఊసు తక్కువ. మాక్స్‌వెల్ బోడెన్‌హైమ్, హ్యారీ కెంప్, జో గౌల్డ్ వంటివాళ్లు నిలబడి కవిత్వం చదివేవారు. నచ్చితే జనం చిల్లర నాణేలు విసిరేవారు. ఆర్థిక మాంద్యం కాలంలో కవులకు ఆ చిల్లరే గతి. 1930ల చివర ‘ది రెవ్యూయర్స్’ అనే యువబృందం ఎగతాళి పాటలు, చిన్న నాటికలతో క్లబ్బుకు పేరు తెచ్చింది. అందులోని బెటీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్ తర్వాత బ్రాడ్‌వే నాటకాలకు పాటలు రాశారు, జూడీ హాలిడే ఆస్కార్ అందుకున్న నటి అయింది. వాళ్లకు అప్పుడప్పుడూ పియానో వాయించి వెళ్లిన కుర్రవాడు లెనార్డ్ బెర్న్‌స్టైన్. 1940ల్లో నల్లజాతి జానపద గాయకులు లెడ్‌బెలీ, జాష్ వైట్ వచ్చారు. 1949 చివర పీట్ సీగర్ బృందం ‘ది వీవర్స్’ పాడింది, 1951లో హ్యారీ బెలఫాంటే జానపద గీతాలతో ఇక్కడి నుంచే పైకి వచ్చాడు. మాక్స్ గోర్డన్ పద్ధతి ఒకటే: ఎవరో చెప్పినవాళ్లను పిలవడం, నాలుగు రోజులు చూడడం, జనం వస్తే ఉంచడం. తన అభిరుచిని గది మీద రుద్దలేదు. ఒక కాలం చెల్లగానే ఇంకో కాలానికి మారిపోగలిగిందంటే అందుకు ఇదే కారణం కావాలి.

జాజ్ అక్కడికి నెమ్మదిగా వచ్చింది, మొదటి అడుగు తడబడింది కూడా. 1948లో లోరెయిన్ అనే యువతి థెలోనియస్ మంక్ అనే పియానిస్టును వాయించనివ్వమని గోర్డన్‌ను పట్టుబట్టింది. న్యూజెర్సీలో పుట్టిన ఆమె చిన్నప్పటి నుంచీ జాజ్ రికార్డుల పిచ్చిది. అప్పుడు బ్లూ నోట్ రికార్డుల కంపెనీ స్థాపకుడు ఆల్ఫ్రెడ్ లయన్‌కు భార్య. భర్త కంపెనీ తీసిన మంక్ రికార్డులను తానే దుకాణాల చుట్టూ తిరిగి అమ్మేది. గోర్డన్ ఒప్పుకున్నాడు కానీ జనం రాలేదు. మంక్ సంగీతం అప్పటి చెవులకు మరీ వింతగా ఉండేది. వ్యాపారపరంగా అది పూర్తి నష్టం. ఆ పరిచయం మాత్రం నిలిచింది: లయన్‌తో విడిపోయాక లోరెయిన్ మాక్స్ గోర్డన్‌ను పెళ్లి చేసుకుంది.

1957లో క్లబ్బు పూర్తిగా జాజ్‌కు మారింది. నైట్‌క్లబ్బుల హాస్యనటులనూ గాయకులనూ టెలివిజన్ లాక్కుపోతున్న రోజులవి. జాజ్‌కేమో లాంగ్‌ప్లే రికార్డు కొత్త మార్కెట్టు తెచ్చింది. పాత రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలు మించి పట్టేది కాదు, కొత్తదాంట్లో ఇరవై నిమిషాలు పట్టేది. పది నిమిషాల వాయింపును విరగ్గొట్టకుండా అమ్మడం దానితో సాధ్యమైంది. టేపు యంత్రాన్ని స్టూడియో బయటికి మోసుకెళ్లే వీలు కూడా అప్పటికే వచ్చేసింది.

ఈ రెండూ వ్యాన్‌గార్డ్‌లో మొదటిసారి కలిసింది 1957 నవంబరు 3న. ఆ ఆదివారం శాక్సోఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ మధ్యాహ్నం ఒక జట్టుతో, రాత్రి ఇంకో జట్టుతో వాయించాడు. రాత్రి జట్టులో విల్బర్ వేర్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ వాయించారు. పియానో లేదు. జాజ్‌లో పియానో స్వరాల పొందికను పరిచి, వాయించేవాడికి దారి చూపుతుంది. అది లేకపోతే శాక్సోఫోన్‌కు ఆసరా పోతుంది, స్వేచ్ఛ పెరుగుతుంది. బ్లూ నోట్ కోసం రూడీ వాన్ గెల్డర్ రికార్డు చేసిన ఆ వాయింపు ‘ఎ నైట్ ఎట్ ద విలేజ్ వ్యాన్‌గార్డ్’ పేరుతో వచ్చింది. ఈ గదిలో తీసిన తొలి ఆల్బమ్ అదే.

1961 జూన్ 25 కూడా ఆదివారమే. పియానిస్టు బిల్ ఎవాన్స్, బేస్ వాయించే స్కాట్ లఫారో, డ్రమ్మర్ పాల్ మోషన్ మధ్యాహ్నం రెండు విడతలు, రాత్రి మూడు విడతలు వాయించారు. రివర్‌సైడ్ కంపెనీ నిర్మాత ఆరిన్ కీప్‌న్యూస్ రికార్డు చేయించాడు. మొదటి పాట నడుస్తుండగా కరెంటు ఆగి రికార్డింగు తెగింది. లఫారో రాసిన ‘గ్లోరియాస్ స్టెప్’ పాట అది, తెగిన చోటు ఇప్పటికీ టేపులో ఉంది. బల్లల దగ్గర మాటలు, గ్లాసుల గలగల, ఎవరిదో నవ్వు కూడా వినిపిస్తాయి. ముగ్గురు మనుషులు ఒకరి మాట ఒకరు విని జవాబిస్తున్నట్టు ఉండే ఆ వాద్యం వెనక వేరే కబుర్లలో మునిగినవాళ్లు కొందరున్నారని అర్థమవుతుంది. అప్పటిదాకా ఎక్కువగా తాళం పట్టడానికే పరిమితమైన బేస్‌ను లఫారో పియానోతో సమానంగా పలికించాడు. పదకొండు రోజుల తర్వాత, జులై 6న, కారు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. ఎవాన్స్ కొన్ని నెలలు జనం ముందుకు రాలేదు. ఆ రోజు టేపుల నుంచి వచ్చిన ‘సండే ఎట్ ద విలేజ్ వ్యాన్‌గార్డ్’, ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ జాజ్ ముగ్గురి జట్లకు నేటికీ పాఠ్యపుస్తకాల్లాంటివి.

అదే ఏడాది నవంబరు మొదటి వారంలో జాన్ కోల్ట్రేన్ బృందాన్ని ఇంపల్స్ కంపెనీ నాలుగు రాత్రులు రికార్డు చేసింది. ఆయన శాక్సోఫోన్‌కు తోడు ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్. ‘చేజిన్ ద ట్రేన్’ అనే వాయింపు పదిహేను నిమిషాలు దాటి సాగుతుంది. జాజ్ కాదని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు, జాజ్ దారి మళ్లిందన్నవాళ్లూ ఉన్నారు. భారతీయ శ్రోతకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ రాత్రులే వాయించిన ‘ఇండియా’. స్వరాల పొందికలు మారుతూ పోవడం జాజ్ అలవాటు. ఇందులో రెండు బేస్‌లు ఒకే ఆధార శ్రుతిని పట్టుకుని ఉంటే దాని మీద రాగాన్ని పెంచుకుంటూ పోతారు. అహ్మద్ అబ్దుల్ మాలిక్ అనే బేస్ వాద్యకారుడు ఆ రాత్రుల్లో తంబూరా కూడా మీటాడు. కోల్ట్రేన్ అప్పటికే రవిశంకర్ రికార్డులు శ్రద్ధగా వింటున్నాడు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. ఆ రవి కోల్ట్రేన్ పెద్దవాడై శాక్సోఫోన్ పట్టి ఇదే వేదిక మీద వాయించాడు.

సోమవారం క్లబ్బులకు బేరం లేని రోజు. బ్రాడ్‌వే థియేటర్లలో, రికార్డింగ్ స్టూడియోల్లో జీతానికి వాయించే పెద్ద వాద్యకారులకు ఆ రాత్రి ఖాళీ దొరికేది. ట్రంపెట్ వాద్యకారుడు థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్ అలాంటివాళ్లను పోగుచేసి, అర్ధరాత్రి దాటాక సాధన చేయించి ఒక పెద్ద ఆర్కెస్ట్రా కట్టారు. 1966 ఫిబ్రవరి 7న, సోమవారం, అది వ్యాన్‌గార్డ్‌లో మొదటిసారి వాయించింది. పదహారుకు పైగా మనుషులు, వాళ్ల బాకాలు, స్టాండ్లు అన్నీ ఆ ముక్కోణపు కొసలో ఇరుక్కుని కూర్చోవాలి. ముందు వరస శ్రోతకూ శాక్సోఫోన్‌కూ మధ్య చెయ్యి పట్టేంత జాగా ఉండదు. కొన్నాళ్ల ముచ్చట అనుకున్నది వారం వారం సాగింది. 1979లో థాడ్ జోన్స్ డెన్మార్క్ వెళ్లిపోయాక లూయిస్ నడిపాడు. 1990లో ఆయన పోయాక వాద్యకారులే దాన్ని వ్యాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా పేరుతో నిలబెట్టుకున్నారు.

1960ల రెండో సగం నుంచి రాక్ సంగీతం కుర్రకారును లాగేసింది. బ్రాడ్‌వే మీది బర్డ్‌లండ్ 1965లో మూతపడింది, ఫైవ్ స్పాట్, హాఫ్ నోట్ కూడా పోయాయి. వ్యాన్‌గార్డ్‌లోనూ బల్లలు ఖాళీగా ఉన్న రాత్రులు ఎన్నో. గది చిన్నది, సిబ్బంది కొద్దిమంది. వంటగదిలో వంట మానేశారు. అది యజమాని ఆఫీసుగా, వాద్యకారులు విడతల మధ్య కూర్చునే గదిగా మారింది. ఖర్చు ఇంత తక్కువ ఉన్నచోట సగం నిండినా తలుపు తెరిచి ఉంచవచ్చు. పైగా ఇక్కడ తీసిన రికార్డులే ప్రపంచమంతా ప్రచారం చేశాయి. జపాన్ నుంచీ యూరప్ నుంచీ ఆ పేరు విన్నవాళ్లు వెతుక్కుంటూ రాసాగారు. 1976లో, పద్నాలుగేళ్లు యూరప్‌లో ఉండి తిరిగొచ్చిన శాక్సోఫోన్ వాద్యకారుడు డెక్స్‌టర్ గోర్డన్ ఇక్కడ వాయించినప్పుడు వీధిలో బారులు తీరారు. కొలంబియా కంపెనీ దాన్ని ‘హోమ్‌కమింగ్’ అనే ఆల్బమ్‌గా తెచ్చింది. విద్యుత్ వాద్యాల హోరులో పాత తరహా జాజ్‌కు మళ్లీ గిరాకీ ఉందని కంపెనీలు నమ్మడానికి ఆ ఆల్బమ్ ఒక కారణం.

మాక్స్ గోర్డన్ 1989 మే 11న మరణించాడు. క్లబ్బు ఆ ఒక్క రాత్రి మూశారు. మర్నాడు లోరెయిన్ తలుపు తెరిచి, తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు తానే నడిపింది. ఎవరు వాయించాలో భర్త ఇతరులను అడిగేవాడు, ఆమెకు ఆ అవసరం లేకపోయింది. చెవికి నచ్చనివాళ్లకు వేదిక ఇచ్చేది కాదు, వాద్యం నడుస్తుండగా మాట్లాడేవాళ్లను సహించేది కాదు. 1961 టేపుల్లోని గ్లాసుల గలగలతో పోలిస్తే గది మర్యాద బాగా మారింది. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే బృందం, సోమవారం ఆర్కెస్ట్రా అన్న వారపు క్రమం ఆమె హయాంలోనూ కదలలేదు. జాజ్ రంగంలో ప్రభుత్వం ఇచ్చే ‘జాజ్ మాస్టర్’ గౌరవం 2013లో ఆమెకు దక్కింది. 2018 జూన్‌లో తొంభై అయిదేళ్ల వయసులో ఆమె పోయాక బాధ్యత కూతురు డెబొరా గోర్డన్ చేతికి వచ్చింది.

కోవిడ్ వల్ల 2020 మార్చిలో క్లబ్బు మూతపడింది. అంతకు ముందు ఇన్నాళ్లు ఎన్నడూ మూసింది లేదు. ఆ వేసవి నుంచి ఖాళీ గదిలో బృందాలు వాయిస్తుంటే ఇంటర్‌నెట్‌లో టికెట్టు కొని ఇళ్లలోంచి చూసే ఏర్పాటు చేశారు. జనాన్ని మళ్లీ లోపలికి రానిచ్చింది 2021 సెప్టెంబరులో. అప్పటి నుంచి సోమవారాల ఆర్కెస్ట్రా కూడా తిరిగి మొదలైంది.