పొగాకు ఒప్పందం: ఒక చెయ్యి సంతకం, ఇంకో చెయ్యి సాగు

పొగాకు నియంత్రణ సరిగ్గా అమలు కావట్లేదంటే మనం వెంటనే అనేసే మాట "కంపెనీలు మేనేజ్ చేసేశాయి" అని. కంపెనీల ఒత్తిడి లేదని నేననను. కానీ అంతటితో ఆగిపోతే అసలు సంగతి దాటిపోతుంది. ప్రభుత్వం అంటే ఒక మనిషి కాదు. ఒక శాఖ ఇచ్చిన మాట ఇంకో శాఖ పనికి ఎసరు పెడుతుంది.

కాస్త వెనక్కి వెళదాం. 1975లో పార్లమెంటు పొగాకు బోర్డు చట్టం చేసింది. మరుసటి ఏడాది గుంటూరు కేంద్రంగా బోర్డు మొదలైంది, అదీ వాణిజ్య శాఖ కింద. పొగాకు పరిశ్రమని అభివృద్ధి చేయడం, ఎగుమతులు పెంచడం, రైతుకి గిట్టుబాటు ధర వచ్చేట్టు చూడటం దాని పని.

2003 మేలో పొగాకు ప్రకటనల్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని ఆమోదించాయి. మన దేశం 2004 ఫిబ్రవరిలో దాన్ని ధృవీకరించింది. ఈసారి ముందు నిలబడింది ఆరోగ్య శాఖ. గుంటూరు బోర్డు మాత్రం తన చట్టం ప్రకారం తన పని తాను చేసుకుపోతోంది!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన తంతే. ఒకే ప్రాజెక్టు, ఇద్దరు మేనేజర్లు, ఇద్దరి టార్గెట్లూ ఎదురెదురు. రిలీజ్ ఎప్పుడవుతుందో చెప్పండి చూద్దాం?

ప్యాకెట్ మీద బొమ్మల సంగతే చూడండి. 2006లో నియమాలు ప్రకటిస్తే, వాయిదాలన్నీ దాటి 2009 మే 31కి అమల్లోకొచ్చాయి. బొమ్మని 85 శాతానికి పెంచుతూ 2014లో ఉత్తర్వు ఇస్తే, పార్లమెంటరీ కమిటీ అభ్యంతరంతో 2015 ఏప్రిల్ గడువు ఆగిపోయింది. చివరికి 2016 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ కమిటీలో ఒక బీడీ వ్యాపారి కూడా సభ్యుడు.

ఇక పన్నులు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ల మీద సెస్ వేశారు, బీడీల మీద వెయ్యలేదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టి ఇల్లు గడుపుకునే ఆడవాళ్ళని తలుచుకుంటే, ఆ లెక్క అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. అలాగని బీడీ పొగ ఊపిరితిత్తుల్ని వదిలిపెడుతుందా?

ఒప్పందం వృథా అని మాత్రం అనుకోవద్దు. 2009-10 సర్వేలో పెద్దవాళ్ళలో 34.6 శాతం మంది పొగాకు వాడుతుంటే, 2016-17కి 28.6 శాతానికి తగ్గారు. మిగిలిన పని మాత్రం ఆరోగ్య శాఖ ఒక్కదానితో కాదు. రైతుకీ, బీడీ కార్మికురాలికీ వేరే బతుకుదెరువు చూపించాలని ఆ ఒప్పందంలోనే 17వ అధికరణం ఉంది. బొమ్మ సైజు గురించి జరిగిన గొడవలో సగమైనా దాని గురించి ఎప్పుడైనా విన్నారా?