విద్యుత్తు వడికిన నూలు

సన్ననూలు అనగానే మనకు పొందూరు గుర్తుకొస్తుంది. అది రాట్నం మీద, చేతి నేర్పుతో తీసే పోగు. రాట్నమూ కదురూ లేకుండా కేవలం విద్యుత్తుతో వడికే నూలు మరొకటుంది. ఆ పోగు మందం తల వెంట్రుకలో సుమారు వందో వంతు. ఆ పోగులతో తయారయ్యే పొరలు గాలిని వడకడతాయి, ప్రయోగశాలల్లో జీవకణాలకు పరంజాగా నిలుస్తాయి. ఈ విద్య పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. నానో టెక్నాలజీతో పాటు నిన్న మొన్న పుట్టిందనుకుంటాం గాని, దీని వయసు నూరేళ్ళు దాటింది.

పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. సన్నటి సూదిలోకి పాలిమర్ ద్రావణాన్ని పంపి, దానికి వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. సూది మొనన వేలాడే బొట్టు శంకువులా సాగుతుంది. దాని కొసనుంచి ఒక ధార చిమ్మి, కొరడాలా మెలికలు తిరుగుతూ ఇంకా సన్నబడుతుంది. దారిలోనే ద్రావకం ఆవిరై, ఎదుటనున్న లోహపు రేకు మీద ఎండిన పోగులు పొరలుగా పేరుకుంటాయి.

రుద్దిన అంబరును దగ్గరకు తెస్తే నీటిబొట్టు శంకువులా లేస్తుందని విలియం గిల్బర్ట్ 1600లోనే రాశాడు. 1902లో కూలీ, మోర్టన్ అనే ఇద్దరు అమెరికాలో వేర్వేరుగా పేటెంట్లు పొందారు. 1934 నుంచి ఆంటన్ ఫార్మాల్స్ కృత్రిమ దారాల కోసం వరుసగా పేటెంట్లు తీసుకున్నాడు. ఇన్ని పేటెంట్లున్నా ఈ నూలు బట్టల మిల్లును గెలవలేకపోయింది.

దీనికి తగిన పని మాస్కోలో దొరికింది. 1938లో కార్పోవ్ సంస్థలో రోజెన్‌బ్లూమ్, పెత్ర్యానోవ్-సొకొలోవ్ ఈ పోగులతో వడపోత పొర చేశారు. పోగులు సన్నవి కాబట్టి ధూళి చిక్కుకుంటుంది, ఊపిరికి మాత్రం పెద్దగా అడ్డుండదు. 1939లో త్వేర్ నగరంలో గ్యాస్ మాస్కుల కోసం కర్మాగారం వెలసింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడ పనిచేసినవారు ధరించిన 'లెపెస్తోక్' మాస్కులు ఈ వంశానివే. అయితే ఆ పరిజ్ఞానం చాలాకాలం సోవియట్ గోడలు దాటలేదు.

బయటి ప్రపంచం మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. 1964లో జెఫ్రీ టేలర్ ఆ శంకువు లెక్క తేల్చాడు. 1977లో గాయాల కట్టుకు పేటెంటు వచ్చింది. 1978లో లివర్‌పూల్ పరిశోధకులు కృత్రిమ రక్తనాళాన్ని వర్ణించారు. అయినా పెద్ద కదలిక రాలేదు. 1990లలో ఒహాయోలోని ఆక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్ బృందం ఈ పద్ధతిని పత్రికల్లో బాహాటంగా వివరించాక దేశదేశాల ప్రయోగశాలలు అందుకున్నాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి సింగపూర్‌లో ఆచార్యుడైన సీరం రామకృష్ణ, తన సహచరులతో కలిసి 2005లో ఈ విద్యకు ఒక పరిచయ గ్రంథం వెలువరించారు.

మన శరీరంలో కణాలను పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులూ ఇంత సన్ననివే. అందుకే వైద్యులకు దీనిపై ఇంత ఆశ. చిక్కులూ లేకపోలేదు. ఒక్క సూది గంటకు ఇచ్చే నూలు చాలా స్వల్పం. పొర మరీ దట్టమైతే కణాలు లోపలికి చొరబడలేవు.

ఈ నూలును కనిపెట్టినవారు ఒక్కరు కాదు. కొందరి పని పేటెంటు కాగితాల్లో ఆగిపోయింది, కొందరిది రహస్యంగా ఉండిపోయింది. నలుగురికీ చెప్పినవారి చేతుల్లో మాత్రం అది పెరిగింది. చేనేతలో సొంత కుటుంబాలకే మెలకువలు నేర్పి, వారితోనే ఆ విద్య అంతరించడం చూసిన జాతికి ఈ కథ కొత్తది కాదు.