జాతి వివక్షపై విశ్వవిద్యాలయ ఉద్యోగులకు శిక్షణ

విశ్వవిద్యాలయాల్లో పనిచేసే అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది, హాస్టల్ ఉద్యోగులు, భద్రతా సిబ్బంది తమ రోజువారీ పనిలో జాతి వివక్ష ఎక్కడ చొరబడుతుందో గుర్తించి సరిదిద్దుకునేందుకు ఇచ్చే శిక్షణ ఇది. అమెరికా, బ్రిటన్‌లలో రూపుదిద్దుకుంది. అయితే అది పుట్టిన చోటు విశ్వవిద్యాలయం కాదు. సైన్యం, పోలీసు శాఖ, స్థానిక ప్రభుత్వాల మీదుగా అక్కడికి చేరింది.

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించినా, బోధనకు సంబంధించిన కొలువుల విషయంలో విద్యాసంస్థలను మినహాయించింది. 1972లో చట్టాన్ని సవరించి ఆ మినహాయింపును తీసేశాక గానీ అధ్యాపక నియామకాలు దాని కిందికి రాలేదు. సైన్యం అంతకుముందే మేలుకొంది. వియత్నాం యుద్ధకాలంలో నల్ల, తెల్ల సైనికుల మధ్య ఘర్షణలు పెరగడంతో 1971లో రక్షణ శాఖ ఫ్లోరిడాలో ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పి, జాతి సంబంధాలపై పాఠాలు చెప్పే బోధకులను తయారుచేయడం మొదలుపెట్టింది. 1978లో జుడిత్ కాట్జ్ రాసిన 'వైట్ అవేర్‌నెస్' వెలువడింది. జాత్యహంకారం తెల్లవారి సమస్య కాబట్టి ముందుగా మారాల్సింది వారేనన్నది ఆ శిక్షణ పద్ధతికి మూలసూత్రం. పాల్గొనేవారు బృందంగా కూర్చుని తమ భయాలనూ నమ్మకాలనూ బయటపెట్టి చర్చించుకోవాలి.

ఈ పద్ధతి బ్రిటన్‌కు చేరడానికి 1981 ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో చెలరేగిన అల్లర్లు దారి వేశాయి. వాటిపై విచారణ జరిపిన లార్డ్ స్కార్‌మన్ పోలీసుల శిక్షణను మెరుగుపరచాలని సూచించారు. తర్వాతి కొన్నేళ్లలో స్థానిక ప్రభుత్వాలు కూడా 'రేసిజం అవేర్‌నెస్ ట్రైనింగ్' పేరుతో తరగతులు నడిపాయి. ఆ పేరులోని ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిస్తే 'ర్యాట్', అంటే ఎలుక. విమర్శకులు ఆ అవకాశాన్ని వదులుకోలేదు. శ్రీలంకలో పుట్టి లండన్‌లో స్థిరపడిన తమిళ మేధావి ఎ. శివానందన్ 1985లో రాసిన వ్యాసంలో దీన్ని తూర్పారబట్టారు. అధికారానికీ వ్యవస్థకూ సంబంధించిన ప్రశ్నను ఇది తెల్లవారి వ్యక్తిగత అపరాధభావంగా కుదించేస్తోందని ఆయన వాదన. ఈ రంగంలో ఆ తర్వాత సాగిన వివాదాలు తరచూ ఏదో ఒక రూపంలో ఈ వాదన దగ్గరికే తిరిగి వచ్చాయి.

స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడి హత్యపై దర్యాప్తు సాగిన తీరును పరిశీలించిన మెక్‌ఫర్సన్ నివేదిక 1999లో వెలువడి, 'సంస్థాగత జాత్యహంకారం' అనే మాటను ఇంటింటికీ చేర్చింది. దాని ఫలితంగా 2000లో వచ్చిన చట్ట సవరణ, విశ్వవిద్యాలయాలు సహా అనేక ప్రభుత్వ సంస్థలపై జాతి సమానత్వాన్ని పెంపొందించే బాధ్యత మోపింది. ఫిర్యాదు వచ్చినప్పుడు చూద్దాంలే అని ఊరుకునే వీలు అక్కడితో పోయింది.

ఇదే కాలంలో శిక్షణ తీరు కూడా మారింది. 1998లో అమెరికా మనస్తత్వవేత్తలు ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, అతని సహచరులు ఒక కంప్యూటర్ పరీక్షను ప్రకటించారు. పేర్లనూ మాటలనూ జతచేయడానికి పట్టే సమయంలోని అతి చిన్న తేడాలను కొలిచి, మనిషికి తనకే తెలియని మొగ్గును అంచనా వేయడం దాని ఉద్దేశం. దీంతో 'అన్‌కాన్షస్ బయాస్' శిక్షణ జోరందుకుంది. నేరం మోపినట్టుండదు, ఆన్‌లైన్‌లో కొద్దిసేపట్లో ముగుస్తుంది, ఎందరు పూర్తిచేశారో లెక్క చెప్పడం సులువు. యాజమాన్యాలకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

విశ్వవిద్యాలయాలకు సొంత సాక్ష్యమూ దొరికింది. 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో కేథరిన్ మిల్క్‌మన్, ఆమె సహచరులు అమెరికాలోని 259 విశ్వవిద్యాలయాల్లో 6,500 మందికి పైగా ఆచార్యులకు ఒకే రకం ఈమెయిల్ పంపారు. పీహెచ్‌డీ చేయాలనుకుంటున్న విద్యార్థి కాసేపు కలవడానికి సమయం అడగడం అందులోని విషయం. మారింది కింద ఉన్న పేరు మాత్రమే. తెల్లజాతి పురుషుల పేరున్న ఉత్తరాలకు మిగతావాటికంటే ఎక్కువగా జవాబులొచ్చాయి. ఆ మిగతావాటిలో భారతీయుల పేర్లూ ఉన్నాయి. అమెరికా ఆచార్యులకు ఇలాంటి ఉత్తరాలు రాసే తెలుగు విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు.

సమస్య ఉందని రుజువు కావడం వేరు, శిక్షణ దాన్ని తగ్గిస్తుందని తేలడం వేరు. 708 ప్రైవేటు సంస్థల సమాచారాన్ని పరిశీలించిన అలెగ్జాండ్రా కాలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ 2006లో తేల్చింది ఇదే: వైవిధ్య శిక్షణ వల్ల మేనేజర్ల స్థాయిలో మార్పు రాలేదనే చెప్పాలి. వైవిధ్యాన్ని పెంచే పని ఫలానావారిదని బాధ్యత అప్పగించినచోట ఫలితం కనిపించింది. అన్‌కాన్షస్ బయాస్ శిక్షణతో అవగాహన పెరుగుతుంది గానీ ప్రవర్తన మారుతుందనడానికి ఆధారాలు చాలవని బ్రిటన్ సమానత్వ, మానవహక్కుల కమిషన్ 2018లో ప్రచురించిన సమీక్ష పేర్కొంది. మిషిగన్ విశ్వవిద్యాలయం 2002 నుంచి వేరే దారి పట్టింది. బయటి శిక్షకులకు బదులు పేరున్న ఆచార్యులే తోటివారికి పరిశోధన ఫలితాలు వివరిస్తారు. నియామక కమిటీ దరఖాస్తులను ఎలా చదవాలో చెబుతారు. మొదట శాస్త్ర, సాంకేతిక విభాగాల్లో మహిళల నియామకం కోసం మొదలైన ఈ ఏర్పాటు తర్వాత విస్తరించింది. ఆచార్యులు సాటి ఆచార్యుడి మాట తప్ప మరొకరి మాట వినరన్న ఎరుక అందులో ఉంది.

బ్రిటన్‌లో 2016 నుంచి అమలైన 'రేస్ ఈక్వాలిటీ చార్టర్' శిక్షణను ఒంటరిగా వదలకుండా నియామకాలు, పదోన్నతులు, విద్యార్థుల మార్కుల గణాంకాలతో ముడిపెట్టింది. మైనారిటీ జాతుల విద్యార్థుల్లో 24 శాతం మంది జాతిపరమైన వేధింపులు ఎదుర్కొన్నట్టు సమానత్వ, మానవహక్కుల కమిషన్ 2019లో వెల్లడించాక, ఫిర్యాదు తీసుకునే ఉద్యోగి ఎలా స్పందించాలన్నదానిపై దృష్టి పెరిగింది. జాతితోపాటు కులవివక్ష కూడా చర్చలోకి వచ్చింది: అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష నిషేధ విధానాల్లో కులాన్ని చేర్చాయి.

ఎదురుగాలి కూడా త్వరగానే వీచింది. 2020 సెప్టెంబరులో డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం ఇలాంటి శిక్షణల్లో కొన్ని భావనలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వడంతో అయోవా విశ్వవిద్యాలయం తన వైవిధ్య కార్యక్రమాలను తాత్కాలికంగా ఆపేసింది. 2021 జనవరిలో జో బైడెన్ ఆ ఉత్తర్వును రద్దు చేశారు. బ్రిటన్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తన సివిల్ సర్వీసులో అన్‌కాన్షస్ బయాస్ శిక్షణకు స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. టెక్సస్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు నిర్బంధ వైవిధ్య శిక్షణ నడపరాదన్న చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో తిరిగి అధికారం చేపట్టిన ట్రంప్, ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే సంస్థలు ఉద్యోగాల్లో సమాన అవకాశాలు కల్పించాలంటూ 1965లో వెలువడిన ఉత్తర్వును సైతం రద్దు చేశారు.